పాత ఇంటి బేస్‌మెంట్‌లో అమ్మానాన్నలకు గది: చెమ్మ వదిలించడం నుంచి నేల పరవడం దాకా

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మిషిగన్, ఇల్లినాయ్ లాంటి రాష్ట్రాల్లో మన తెలుగువాళ్లు కొనుక్కునే ఇళ్లలో 1950, 60, 70 దశకాల్లో కట్టినవి చాలానే ఉంటాయి. పైన మూడు పడక గదులు, కింద ఇల్లంత విస్తీర్ణంలో బేస్‌మెంట్. అందులో ఇంటిని వెచ్చబరిచే ఫర్నేస్, వాషింగ్ మెషీన్, ఖాళీ సూట్‌కేసులు, బియ్యం బస్తాలు. అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండటానికి వస్తున్నారనగానే అందరి చూపూ ఆ చోటు మీదే పడుతుంది.

ఆ చోటును నిజంగా మనిషి ఉండదగిన గదిగా మార్చవచ్చు. అయితే అందులో ముఖ్యమైన పనులు పూర్తయ్యాక కంటికి కనిపించవు: నీటిని మళ్లించడం, గాలిని పరీక్షించడం, ఆపదలో బయటపడే దారి తీయడం. డబ్బు ముందు అక్కడ పెట్టండి. దీపాలు, రంగులు, పెద్ద టీవీ మిగిలినదాంట్లో చూసుకోవచ్చు. చాలా ఇళ్లలో ఈ వరస తలకిందులవుతుంది. రెండేళ్లు తిరిగేసరికి కొత్త గోడ వెనక బూజు పడుతుంది.

కింద చెప్పిన కొలతలు అమెరికాలో చాలా రాష్ట్రాలు ఆధారంగా తీసుకునే అంతర్జాతీయ నివాస నియమావళి (ఐఆర్‌సీ) నుంచి తీసుకున్నవి. రాష్ట్రాన్ని, పట్టణాన్ని బట్టి మార్పులుంటాయి కాబట్టి మీ పట్టణ భవన నిర్మాణ కార్యాలయంలో ఒకసారి సరిచూసుకోండి.

మొదటి అడుగు: నీరు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడం

ఇల్లు కొన్న వెంటనే పని మొదలుపెట్టకండి. కనీసం ఒక వసంతం, ఒక వేసవి గడవనివ్వండి. మంచు కరిగే మార్చిలో, గాలి బరువెక్కే జూలైలో, పెద్ద తుపాను వర్షాలు పడే సెప్టెంబరులో బేస్‌మెంట్ ఎలా ఉంటుందో చూడాలి. గోడల దగ్గర పెట్టిన సామానంతా రెండడుగులు ముందుకు జరపండి. లేకపోతే ఏమీ కనిపించదు.

వెతకాల్సిన గుర్తులు ఇవి. గోడ మీద తెల్లటి పొడి పేరుకుంటే అది చౌడు: లోపలి నుంచి వచ్చిన నీరు ఆరిపోయి వదిలిన లవణాలు. గోడ, గచ్చు కలిసే మూలలో తడి గీత కనిపిస్తే, ఇంటి కింద నేల నీటితో నిండినప్పుడు ఒత్తిడికి ఆ సందులోంచి ఊరుతోందని అర్థం. ఫర్నేస్ కాళ్లకు, ఇనుప స్తంభాల అడుగున తుప్పు ఉంటే ఎప్పుడో నీళ్లు నిలిచాయన్నమాట. మెట్లు దిగుతుండగానే ముక్కిపోయిన వాసన తగిలితే వేరే ఆధారం అక్కర్లేదు.

బయటి నుంచి ఊరే నీరు వేరు, గాలిలోని తేమ గోడపై చెమర్చడం వేరు. వేసవిలో చల్లని నీళ్ల గ్లాసు బయట బిందువులు పట్టినట్టే, భూమిలో చల్లగా ఉన్న కాంక్రీట్‌కు తేమగాలి తగిలితే నీరు పడుతుంది. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, మందు మాత్రం వేరు. తేల్చుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ ముక్కను గచ్చు మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించి, కనీసం 16 గంటలు వదిలేయండి. ప్లాస్టిక్ అడుగున తడి ఉంటే తేమ కాంక్రీట్‌లోంచి వస్తోంది. పైన ఉంటే గాలిలోది. గోడ మీద కూడా ఇలాగే చేయవచ్చు.

తేమ గాలిలోదే అయితే ఒక అలవాటు మార్చుకోవాలి. చెమ్మగా ఉన్న గదికి కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వడం మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన వైద్యం. ఇక్కడి జూలైలో బేస్‌మెంట్ కిటికీలు తెరిస్తే బయటి తేమంతా లోపలికొచ్చి చల్లటి గోడల మీద నీరవుతుంది. వేసవిలో కిటికీలు మూసి, గాలిలోని తేమను లాగేసే డీహ్యూమిడిఫయర్ పెట్టి, తేమను 50 శాతం లోపు ఉంచాలి. ఆ యంత్రం తొట్టెను రోజూ ఎవరూ ఖాళీ చేయరు. దాని గొట్టాన్ని నేరుగా కాలువలోకో, సంప్ గుంటలోకో (ఊటనీరు చేరేలా గచ్చులో తవ్విన గుంట) కలపండి.

రెండో అడుగు: నీటిని ఇంటి బయటే ఆపడం

వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక్క అంగుళం వాన పడితే దాదాపు 620 గ్యాలన్లు, అంటే సుమారు 2,350 లీటర్ల నీరు. కప్పు అంచున నీటిని పట్టే గట్టర్లు ఆకులతో పూడిపోయినా, ఆ నీటిని కిందికి దింపే చూరు గొట్టం గోడ పక్కనే ముగిసినా ఆ నీరంతా పునాది వెంట దిగుతుంది. పాత ఇళ్లలో బేస్‌మెంట్ తడికి చాలాసార్లు కారణం ఇదే. గట్టర్లు శుభ్రం చేయించి, చూరు గొట్టాలను గోడ నుంచి కనీసం ఆరడుగుల దూరం పొడిగించండి. ఇంటి చుట్టూ నేల గోడ నుంచి బయటికి వాలి ఉండాలి: మొదటి పదడుగుల్లో ఆరంగుళాల పల్లం. దశాబ్దాల తరబడి పూలమొక్కల పాదులు తవ్వి తవ్వి ఈ వాలు తిరగబడి ఉంటుంది. బంకమట్టి పాలు ఎక్కువగా ఉన్న మట్టి పోసి సరిచేయండి. ఇసుక పోస్తే నీరు నేరుగా కిందికి దిగుతుంది.

ఈ రెండు పనులూ చేసి, రెండు మూడు పెద్ద వానలు చూశాకే తర్వాతి ఖర్చు గురించి ఆలోచించండి. అయినా నీరు ఊరుతుంటే లోపలి కాలువ వేయించాలి. గోడ వెంట గచ్చును సుమారు అడుగు వెడల్పున కోసి, కంకరలో చిల్లుల గొట్టం పరిచి, నీటిని గచ్చులో తవ్విన సంప్ గుంటకు చేర్చి, పంపుతో బయటికి తోడటమే ఈ పద్ధతి. గోడలు కాంక్రీట్ దిమ్మెలతో కట్టినవైతే దిమ్మెల బోలులో నీరు నిలుస్తుంది కాబట్టి కింది వరుసకు చిల్లులు పెట్టి ఆ నీటిని కూడా కాలువలోకి దింపుతారు.

పంపుకు బ్యాటరీతో నడిచే రెండో పంపు తోడు లేకపోతే ఆ ఏర్పాటు సగమే. కుండపోత వాన, కరెంటు పోవడం ఇక్కడ తరచూ కలిసే వస్తాయి. పంపు తోడిన నీటిని మురుగు గొట్టంలో కలపడం చాలా పట్టణాల్లో నిషిద్ధం. పెరట్లోకి, గోడకు దూరంగా వదలాలి.

లోపలి గోడకు పూసే నీటినిరోధక రంగులను నమ్ముకోకండి. వెనక నుంచి నీరు తోస్తుంటే ఆ పూత పొరలు పొరలుగా లేచిపోతుంది. గాలిలోకి చేరే తేమను కొంత తగ్గించడానికి తప్ప అది ఊటకు మందు కాదు.

ఇదే దశలో పగుళ్లు చూడండి. నిలువుగా, వెంట్రుకవాసి సన్నంగా ఉన్నవి సాధారణంగా కాంక్రీట్ ఆరినప్పుడు వచ్చినవే. వాటిని ఎపాక్సీ అనే గట్టి జిగురుతో పూడ్చవచ్చు. గోడ మధ్యలో అడ్డంగా పోయే పగులు, లోపలికి ఉబ్బిన గోడ, దిమ్మెల మధ్య మెట్ల ఆకారంలో వెడల్పవుతున్న పగులు అలాంటివి కావు. బయటి మట్టి గోడను తోస్తుండవచ్చు, పునాది కుంగుతుండవచ్చు. స్ట్రక్చరల్ ఇంజనీరుకు డబ్బిచ్చి అభిప్రాయం రాయించుకోండి. మరమ్మతు అమ్మేవారి ఉచిత సలహా దానికి సాటి రాదు.

మూడో అడుగు: గాలిలో, గోడల్లో దాగినవి

1984లో పెన్సిల్వేనియాలోని లిమరిక్ అణు విద్యుత్ కేంద్రంలో పనిచేసే స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు పనికి వస్తుంటే రేడియేషన్ అలారాలు మోగాయి. అప్పటికి ఆ కేంద్రంలో విద్యుదుత్పత్తి మొదలే కాలేదు. వెతికితే మూలం ఆయన ఇల్లే అని తేలింది: నేలలోని యురేనియం క్షయమై పుట్టే రేడాన్ వాయువు ఇంట్లో పేరుకుపోయింది. రంగు, వాసన లేని ఈ వాయువు పొగతాగడం తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు రెండో ప్రధాన కారణం. గచ్చు పగుళ్ల నుంచి, సంప్ గుంట నుంచి వస్తుంది కాబట్టి బేస్‌మెంట్‌లోనే ఎక్కువగా ఉంటుంది. తూర్పు పెన్సిల్వేనియా నుంచి ఉత్తర న్యూజెర్సీ మీదుగా న్యూయార్క్ వైపు సాగే రాతి పట్టీలో దీని బెడద ఎక్కువ. అలాగని మిగతా చోట్ల లేదనుకోకూడదు. పక్కింట్లో తక్కువ వచ్చినా మీ ఇంట్లో ఎక్కువ ఉండవచ్చు.

పరీక్ష కిట్ దుకాణాల్లో తక్కువ ధరకే దొరుకుతుంది. పెట్టడానికి 12 గంటల ముందు నుంచీ, పరీక్ష సాగినంతసేపూ కిటికీలు మూసి ఉంచాలి. లీటరు గాలికి 4 పికోక్యూరీలు (రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం), అంతకు మించితే సరిదిద్దాలని పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) చెబుతోంది. 2 నుంచి 4 మధ్య ఉన్నా ఆలోచించమంటోంది. అమ్మానాన్నలు రోజులో ఎక్కువసేపు గడిపే గది కాబట్టి 2 దాటినా సరిచేయించుకోమనే నేను చెబుతాను. గచ్చుకు రంధ్రం చేసి, గొట్టం దింపి, ఫ్యానుతో ఆ గాలిని లాగి కప్పు పైకి వదులుతారు. గోడలు కట్టకముందు చేయిస్తే ఆ గొట్టం ఒక మూలలో ఒదిగిపోతుంది. తర్వాతైతే కొత్త గోడ పగలగొట్టాలి.

పాత ఇళ్లలో వెతకాల్సినవి ఇంకా ఉన్నాయి. తొమ్మిదంగుళాల చదరపు నేల పలకలు, వాటి కింది నల్లటి జిగురు, వేడినీటి గొట్టాలకు చుట్టిన తెల్లటి కట్టు: వీటిలో ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే రాతినార) ఉండే అవకాశం ఎక్కువ. కదపనంతవరకు ప్రమాదం తక్కువే, పగిలి దుమ్ము లేస్తేనే హాని. గీకకండి, చీపురుతో ఊడ్వకండి. నమూనాను ల్యాబుకు పంపించి తెలుసుకోండి. 1978కి ముందు కట్టిన ఇంటి రంగుల్లో సీసం ఉండవచ్చు. ఆ పనికి ప్రత్యేక ధ్రువీకరణ ఉన్న పనివారే రావాలి. న్యూజెర్సీలో ఒకప్పుడు చమురుతో వేడిచేసుకున్న ఇళ్లకు పెరట్లో పాతిపెట్టిన చమురు ట్యాంకు మిగిలి ఉండవచ్చు. బేస్‌మెంట్ గోడలోంచి ఎక్కడికీ పోకుండా ఆగిపోయిన సన్నని రాగి గొట్టాలు కనిపిస్తే దాన్ని వెతికించండి.

నాలుగో అడుగు: ఎత్తు కొలవడం, పటం గీయడం, అనుమతి

ఉండే గదికి పూర్తయ్యాక ఏడడుగుల ఎత్తు కావాలి. దూలాలు, గాలి గొట్టాల కింద 6 అడుగుల 4 అంగుళాలు సరిపోతుంది. స్నానాల గదికి 6 అడుగుల 8 అంగుళాలు. ఇప్పుడున్న ఎత్తులోంచి నేల మందం, కప్పు పలక మందం తీసేసి లెక్కించండి. చాలకపోతే గచ్చు తవ్వి లోతు పెంచడం ఇంజనీరు పర్యవేక్షణలో జరగాల్సిన భారీ పని. పునాది అంచు కిందికి తవ్వితే ఇల్లే కుంగుతుంది. అలాంటి ఇంట్లో ఆ చోటును పిల్లల ఆటలకు, సామానుకు వదిలేయడమే మంచిది.

మధ్యలోని ఇనుప స్తంభాలు పైనున్న దూలాన్ని మోస్తున్నాయి. గది మధ్యలో అడ్డమని వాటిని తీయించకండి. గోడను వాటి మీదుగా వచ్చేలా గీయండి.

పటంలో గదులన్నీ గుర్తించి అనుమతికి పెట్టండి. అనుమతి లేకుండా చేయిస్తే ఇల్లు అమ్మేటప్పుడు ఇబ్బందే, ప్రమాదం జరిగితే బీమా దగ్గరా ఇబ్బందే. అన్నిటికంటే ముఖ్యం, గోడ మూసేముందు వైరింగ్‌ను, గొట్టాలను తెలిసిన మనిషి వచ్చి చూస్తాడు. మనవాళ్లు చాలామంది చేపల వేపుళ్లకు, పోపులకు కింద రెండో వంటగది కోరుకుంటారు. స్టవ్ పెడితే దాన్ని అద్దె వాటాగా భావించి ఒప్పుకోని పట్టణాలు ఉన్నాయి. ముందే అడగండి.

ఐదో అడుగు: బయటపడే దారి

2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుపాను శేషం న్యూయార్క్ మీద కురిసింది. సెంట్రల్ పార్కులో ఒక్క గంటలో 3.15 అంగుళాల వాన పడింది. ఆ నగరంలో చనిపోయిన 13 మందిలో 11 మంది బేస్‌మెంట్ నివాసాల్లో ఉన్నవారే. నీరు ఒక్కసారిగా వచ్చింది, వాళ్లకు దారి దొరకలేదు. మంటలు రేగినా అంతే. మెట్లు పొగతో నిండితే కింద నిద్రపోతున్నవారికి రెండో దారి కావాలి.

అందుకే పడక గది అన్నదానికి నేరుగా బయటికి తెరుచుకునే తలుపో, మనిషి దూరగలిగే కిటికీయో ఉండి తీరాలి. పటంలో "ఆఫీసు గది" అని రాసి అందులో మంచం వేయడం చాలా ఇళ్లలో చూస్తాం. దయచేసి అలా చేయకండి. ఎవరైనా పడుకుంటే అది పడక గదే.

కిటికీ పూర్తిగా తెరిచినప్పుడు ఖాళీ కనీసం 5.7 చదరపు అడుగులు ఉండాలి. వెడల్పు 20 అంగుళాలకు, ఎత్తు 24 అంగుళాలకు తగ్గకూడదు. కిటికీ కింది అంచు నేల నుంచి 44 అంగుళాలకు మించకూడదు. ఇక్కడే చాలామంది పొరబడతారు: 20, 24 అంగుళాల కిటికీ పెడితే వచ్చేది 3.3 చదరపు అడుగులే. 20 అంగుళాల వెడల్పుకు 41 అంగుళాలకు పైగా ఎత్తు కావాలి. కిటికీ అంచు బయటి నేలకు 44 అంగుళాల లోపే ఉంటే 5 చదరపు అడుగులు చాలు.

కిటికీ బయట తవ్వే గుంట కనీసం 9 చదరపు అడుగులు, ఎటు చూసినా 36 అంగుళాలు ఉండాలి. లోతు 44 అంగుళాలు దాటితే దానికి శాశ్వత నిచ్చెన అమర్చాలి. గుంట అడుగున నీరు పోయే ఏర్పాటు లేకపోతే అదే చిన్న చెరువై కిటికీలోంచి లోపలికి వస్తుంది. తవ్వే ముందు 811కి ఫోను చేస్తే భూమిలోని గ్యాస్ గొట్టాల, కరెంటు తీగల జాడలను ఉచితంగా గుర్తించి వెళతారు. పునాది గోడ కోసేచోట పైన దూలం కావాలి కాబట్టి ఇది అనుభవమున్నవారి పని.

పెద్దవాళ్ల కోసమైతే పక్కకు తలుపులా తెరుచుకునే కిటికీ తీసుకోండి. పైకి ఎత్తే చట్రం బరువుగా ఉంటుంది, సగమే ఖాళీ అవుతుంది.

ఆరో అడుగు: గోడలు

ఎక్కువ ఇళ్లు ఇక్కడే పాడవుతాయి. పాత పద్ధతిలో కాంక్రీట్‌కు ఆనించి చెక్క చట్రం, అందులో గాజు ఉన్ని, దానిపై ప్లాస్టిక్ షీటు, పైన డ్రైవాల్ (జిప్సం పలకలు) వేసేవారు. లోపలి తేమగాలి గాజు ఉన్నిని దాటి చల్లటి కాంక్రీట్‌ను తాకి నీరవుతుంది. గోడలోంచి వచ్చిన చెమ్మ ప్లాస్టిక్ దగ్గర ఆగిపోతుంది. రెంటి మధ్య చెక్క కుళ్లుతుంది.

సరైన వరస ఇది. ముందు కాంక్రీట్‌కు గట్టి నురగ పలకలను (ఫోమ్ బోర్డు) జిగురుతో అంటించి, అతుకులన్నీ టేపు వేయాలి. వీటిలో ఎక్స్‌పీఎస్ అనే రకం రెండంగుళాల పలక ఉష్ణనిరోధం సుమారు ఆర్-10 (ఈ అంకె ఎంత పెద్దదైతే చలిని అంత బాగా ఆపుతుంది). ఇంకా చలి ప్రాంతాల్లో ఆర్-15 అడుగుతారు. దాని ముందు చెక్క చట్రం నిలబెట్టాలి. గచ్చును తాకే చెక్క మందు పట్టించినదై ఉండాలి. చట్రంలో రాతి ఉన్ని (మినరల్ వూల్) నింపుకోవచ్చు. ప్లాస్టిక్ షీటు వేయకండి. గోడపైన, కప్పు దూలాల చివర్ల దగ్గరి ఖాళీల నుంచి చలిగాలి బాగా వస్తుంది. అక్కడ పలక ముక్కలు పెట్టి చుట్టూ నురగతో మూయండి. నురగ తేలిగ్గా మండుతుంది కాబట్టి ఎక్కడా బయటికి కనిపించకుండా అరంగుళం డ్రైవాల్‌తో కప్పాలి.

1920లకు ముందు కట్టిన రాతి పునాదులకు పలకలు సమంగా ఆనవు. సున్నపు గార కూడా మెత్తగా ఉంటుంది. ముందు గార మరమ్మతు చేయించి, ఆ తర్వాతే గట్టి స్ప్రే నురగ గురించి నిపుణులను అడగండి.

ఫర్నేస్, నీళ్ల హీటర్ గ్యాస్‌తో మండేవైతే వాటికి గాలి కావాలి. వాటిని చిన్న గదిలో బిగించి తలుపు మూస్తే పొగ వెనక్కి తన్ని కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావచ్చు. జాలి తలుపు చాలుతుందా, బయటి గాలి తేవాలా అన్నది లెక్కకట్టించండి. కరెంటు ప్యానెల్ ముందు 36 అంగుళాల లోతు, 30 అంగుళాల వెడల్పు ఖాళీ ఉంచాలి. నీటి ప్రధాన వాల్వు, మురుగు గొట్టం మూత, సంప్ గుంట, వీటికి తెరిచే చిన్న తలుపులు పెట్టండి.

ఏడో అడుగు: కరెంటు, స్నానాల గది

ప్లగ్గులన్నింటికీ షాక్ తగలకుండా కరెంటు ఆపే జీఎఫ్‌సీఐ రక్షణ, గదుల సర్క్యూట్లకు తీగల్లో నిప్పురవ్వలు రేగితే కరెంటు ఆపే ఏఎఫ్‌సీఐ బ్రేకర్లు, పంపుకు విడిగా ఒక సర్క్యూట్. పొగ అలారం పడక గదిలో ఒకటి, దాని బయట ఒకటి ఉండాలి. కింద మోగితే పైనా మోగేలా అన్నిటినీ కలపాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. కప్పుకు దీపాలు ధారాళంగా పెట్టించండి, మెట్లకు పైనా కిందా స్విచ్చులు ఉండాలి.

పెద్దవాళ్లు రాత్రిపూట మెట్లెక్కకూడదంటే కిందే మరుగుదొడ్డి కావాలి. మురుగు గొట్టం గచ్చు కింది నుంచి పోతే గచ్చు కోసి కలపవచ్చు. గోడలో ఎత్తుగా పోతుంటే గచ్చులో మూసిన తొట్టె, మురుగును పైకి తోసే పంపు అవసరం. పెద్ద వానలకు ఊరి మురుగు వెనక్కి తన్నే ప్రాంతమైతే వెనక్కి రానివ్వని వాల్వు వేయించండి. స్నానాల గది ఫ్యాను గాలి ఇంటి బయటికే పోవాలి.

గోడలు మూసేముందు తనిఖీ అధికారిని పిలవాలి. ఆ రోజే ప్రతి గోడకూ ఫొటోలు తీసి దాచుకోండి. ఏ గొట్టం ఎక్కడుందో పదేళ్ల తర్వాత అవే చెబుతాయి.

ఎనిమిదో అడుగు: నేల, కప్పు, వెచ్చదనం

డ్రైవాల్ కింది అంచును గచ్చు నుంచి అరంగుళం పైకి ఆపండి. లేకపోతే ఎప్పుడైనా నీరు ఒలికితే పీల్చుకుంటుంది. నేలకు గట్టి చెక్క వద్దు, గోడ నుంచి గోడకు కార్పెట్ వద్దు. టైల్స్, వినైల్ పలకలు తడికి ఓర్చుకుంటాయి. చెప్పులు విడిచి నడిచే మన ఇళ్లలో కాంక్రీట్ చలి నేరుగా పాదాలకు తగులుతుంది కాబట్టి ఎత్తు ఉంటే కింద ఉష్ణనిరోధక పలకలు వేయించండి. వాటి మీద తీసి ఉతుక్కోగల తివాచీ చాలు.

కప్పుకు డ్రైవాల్ అందంగా ఉంటుంది. పాత గొట్టాలున్న ఇంట్లో మాత్రం తీసి పెట్టుకోగల పలకల కప్పుకే నా ఓటు. పైన నడిచే చప్పుడు తగ్గాలంటే దూలాల మధ్య రాతి ఉన్ని నింపండి. ఫర్నేస్ నుంచి వేడిగాలి వచ్చే దారితో పాటు గాలి తిరిగి వెళ్లే దారి కూడా కింద ఉండాలి, అది ఫర్నేస్ గదికి దూరంగా ఉండాలి.

పాత మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవారి కోసం రెండు వైపులా 34 నుంచి 38 అంగుళాల ఎత్తులో చేత్తో పట్టుకునే కడ్డీలు బిగించండి. మెట్ల అంచులకు వేరే రంగు పట్టీ వేయండి. అవే మెట్లు రోజుకు చాలాసార్లు ఎక్కలేనివారికి ఎంత బాగా చేసినా బేస్‌మెంట్ సరైన గది కాదు. అలాంటప్పుడు పై అంతస్తు గదిని వాళ్లకు ఇచ్చి, మీ ఆఫీసును కిందికి దించండి.

పని పూర్తయ్యాక

తుది తనిఖీ పత్రం చేతికొచ్చాకే చివరి చెల్లింపు చేయండి. అమ్మానాన్నలు వచ్చిన మొదటి వారంలో కిటికీని వాళ్ల చేతే తెరిపించి, నిచ్చెన చూపించండి. ఏటా మార్చిలో సంప్ గుంటలో ఒక బకెట్ నీళ్లు పోసి పంపు ఆడుతోందో లేదో చూడండి. ప్లగ్గు తీసి బ్యాటరీ పంపును కూడా అలాగే పరీక్షించండి. రేడాన్ పరీక్షను గది పూర్తయిన వెంటనే మళ్లీ చేయాలి, ఫ్యాను అమర్చిన ఇంట్లో ఆ తర్వాత రెండేళ్లకోసారి చేయాలి.